ఖాతాల చౌర్యము — కంపెనీల బాధ్యత

ఇంటికి కన్నము పడినచో ఊరివారు పోగగుదురు. పోలీసుఠాణాలో ఫిర్యాదు వ్రాయబడును. ఇల్లు తనదే యని ఇంటివాడు ఋజువు చేయనక్కఱలేదు, ఇరుగుపొరుగువారే సాక్షులు. ఫోనులోని ఖాతా దొంగలపాలైనప్పుడు జరుగునది దీనికి కేవలము విపరీతముగ నున్నది. దొంగ లోపల గడియ వేసికొని కూర్చుండును. యజమాని వాకిట నిలిచి, ఇది నా యిల్లని ఎవరితో మొఱపెట్టుకొనవలయునో తెలియక దిక్కులు చూచుచుండును. అచ్చటి ద్వారపాలకుడు మనుష్యుడు కాడు, యంత్రము. అది అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పవలెను. అడుగని మాట ఎంత నిజమైనను చెప్పుటకు తావు లేదు.

ఇది పడుచువాండ్ర వినోదములకు సంబంధించిన చిల్లరవిషయమని త్రోసివేయు పెద్దలు కొందఱున్నారు. వారితో మేమేకీభవింపజాలము. నేడు ధాన్యపుబేరములు వాట్సాపులో కుదురుచున్నవి. మంగళగిరి, పోచంపల్లి చీరల వర్తకులు ఇన్‌స్టాగ్రాములో బొమ్మలు చూపి సరకు నమ్ముచున్నారు. న్యాయవాదులకు కక్షిదారులు కాగితములు పంపు త్రోవ యిదియే. టెక్సాసులోను న్యూజెర్సీలోను ఉన్న బిడ్డలు తల్లిదండ్రులకు ప్రతిదినము కనబడు గవాక్షమును ఇదియే. గతించిన పెద్దల కంఠస్వరములు, పెండ్లిళ్ల ఛాయాచిత్రములు ఈ ఖాతాలలో తప్ప మఱెచ్చటను లేని కుటుంబములెన్నో గలవు. పట్టాదారు పాసుపుస్తకమును పెట్టెలో భద్రపఱచు గృహస్థు, ఈ ఖాతాను మాత్రము ఆఱు అంకెల దయకు వదలివేయుచున్నాడు.

ఆ ఆఱు అంకెల సంగతి చూతము. వాట్సాపు ఖాతాను క్రొత్త ఫోనులో తెఱచునపుడు కంపెనీవారు ఖాతాదారుని నంబరునకు ఆఱు అంకెల సంకేతము పంపుదురు. ఆ సంకేతము నెవడు చెప్పునో వాడే యజమాని. దొంగ మొదట మన బంధువు ఖాతాను దొంగిలించి, ఆ బంధువు పేరుతో, "పొరబాటున మీ నంబరునకు ఒక సంకేతము వచ్చినది, కొంచెము చెప్పండి బాబాయిగారూ" అని వ్రాయును. బాబాయిగారు చెప్పుదురు. మఱుక్షణమున బాబాయిగారి ఖాతా పోవును. అచ్చటనుండి అదే మాట వారి వియ్యంకునికి పోవును. ఇందు గొప్ప యంత్రవిద్య యేదియు లేదు. మన బంధుప్రీతియే వాని పనిముట్టు. పార్సిలు వచ్చినదని నెపము చెప్పి, ఫోనులో ఏవో అంకెలు నొక్కించి, మనకు వచ్చు పిలుపులను తన నంబరునకు మరల్చుకొనుట మఱియొక మార్గము. ఈ మరలింపు పద్ధతిని 2024 ఏప్రిల్ 15 నుండి నిలిపివేయవలసినదని టెలికాం శాఖవారు ఫోను కంపెనీలకు ఉత్తరువిచ్చిరి.

రాక్షసమంత్రి ముద్దుటుంగరము చాణక్యుని చేతికి చిక్కిన పిమ్మట రాక్షసుడు వ్రాయని లేఖలు రాక్షసుని ముద్రతో బయలుదేఱిన సంగతి ముద్రారాక్షసము చదివినవా రెఱుగుదురు. ఖాతాచోరుడు కోరునదియు ఆ ముద్రనే. బ్యాంకులో మనకు ధనము లేకున్నను వానికి కొఱతలేదు. మనపై నమ్మకము గలవారు చాలును. "అత్యవసరము, ఇరువదివేలు పంపుడు" అని మన పేరుతో వ్రాసిన మాటకు అన్నదమ్ములు ధనము పంపుదురు. పిదప ఆ ధనమునకు మాటపడవలసినవాడు ఖాతా పోగొట్టుకొన్నవాడే.

ఈ విషయమున జాగరూకులమనుకొనువారు సైతము తప్పించుకొనజాలరని చూపుటకు ఒక వృత్తాంతము చాలును. 2012 ఆగస్టులో అమెరికా పత్రికారచయిత మాట్ హోనన్ ఖాతాలన్నియు గంట గడియలో కూలిపోయినవి. ఆయన యంత్రవిషయములనే వ్రాయువాడు. వైర్డ్ పత్రికలో తన కథను తానే విపులముగ వ్రాసికొనెను. దొంగలు ఆయన రహస్యపదమును ఊహింపలేదు, ఛేదింపలేదు. ఆయన సొంత వెబ్‌సైటు నమోదుపత్రములో ఇంటిచిరునామా దొరకెను. దానితో అమెజాన్ వారికి ఫోనుచేసి, తామే ఆయన యని చెప్పి, ఒక కార్డు నంబరును ఖాతాలో చేర్పించిరి. మఱల ఫోనుచేసి, ఖాతాలోనికి పోజాలకున్నామని మొఱపెట్టి, తాము చేర్పించిన కార్డు నంబరునే ఋజువుగ చూపిరి! అట్లు లోపలికి చొచ్చి, ఆయన నిజమైన కార్డు చివరి నాలుగు అంకెలు చూచుకొని, ఆ నాలుగు అంకెలను ఏపిల్ వారికి చెప్పి తాత్కాలిక రహస్యపదము సంపాదించిరి. ఒక కంపెనీ బహిరంగముగ చూపదగినవని తలచిన అంకెలనే రెండవ కంపెనీ పరమరహస్యముగ నెంచినది. ఆయన ఫోను, పలక, కంప్యూటరు మూడును తుడిచివేయబడెను. చంటిబిడ్డ మొదటి సంవత్సరపు ఛాయాచిత్రములు పోయెను. నిపుణులకు ధనమిచ్చి వానిలో చాలభాగమును పిదప రాబట్టుకొనెను. ఇంతకును దొంగలు కోరినది ఆయన ట్విట్టరులోని మూడక్షరముల పేరును మాత్రమే.

ఇందు తప్పు ఎవరిది? రహస్యపదము చెప్పినవాడు లేడు. సంకేతము పంచుకొన్నవాడు లేడు. ఖాతాను పోగొట్టుకొన్నవారికి తిరిగి యిచ్చుటకై కంపెనీలు తెఱచియుంచిన దొడ్డిదారినే దొంగలు వచ్చిరి. ఈ సమస్యలోని చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ఆ దారిని వెడల్పు చేసినచో దొంగలు దూరుదురు. ఇరుకు చేసినచో యజమానులే లోపలికి రాలేరు. 2012 తరువాత కంపెనీలు దానిని నానాటికి ఇరుకుచేసినవి. అందువలన కలిగిన క్షేమమును మేము కాదనము. కాని దొడ్డిదారిని మూసినవారు ముందు వాకిట కావలివానిని నిలుపవలసియుండగా, అట్లు చేయలేదు.

గొప్పవారికి మాత్రము కావలివాడు దొరకుచునే యున్నాడు. 2020 జూలై 15న ట్విట్టరు సిబ్బందినే ఫోనులో మోసగించి, ఒబామా, బైడెన్, గేట్స్ వంటివారి ఖాతాలను దుండగులు చేజిక్కించుకొనిరి. 130 ఖాతాలపై కన్నువేసి 45 ఖాతాలనుండి దొంగప్రకటనలు చేసిరి. ముఖ్యుడు 17 ఏండ్ల బాలుడు. కంపెనీ ఆ సాయంకాలమే గుర్తింపుపొందిన ఖాతాలన్నింటి నోరు కొంతసేపు కట్టివేసి పరిస్థితిని అదుపులోనికి తెచ్చెను. 2021 డిసెంబరు 12న మన ప్రధానమంత్రి నరేంద్ర మోడీగారి ఖాతాలో, భారతదేశము బిట్‌కాయినును చట్టబద్ధ నాణెముగ అంగీకరించెనని ఒక అబద్ధపు వార్త వెలువడెను. ట్విట్టరువారికి కబురంపగనే ఖాతా భద్రము చేయబడెను. 2022 జనవరి 12న కేంద్ర సమాచార ప్రసార శాఖ ఖాతాకు ఒక అమెరికా కుబేరుని పేరు తగిలించిరి. అదియు అనతికాలముననే దారికి వచ్చెను. ప్రధానమంత్రి ఖాతాకు గల త్వరితగతిని మేము తప్పుపట్టము. అది దేశక్షేమమునకు అవసరము. అయిదు నిమిషములలో చేయగల పని యిది యని కంపెనీవారు తామే ఋజువుచేసినారని మాత్రము చెప్పుచున్నాము. భీమవరపు వర్తకునికి అయిదు వారములైనను అదే పని ఏల జరుగదు?

పెద్ద సంస్థలు సైతము ఈ విషయమున ఎంత యజాగ్రత్తగ నుండునో 2024 జనవరి 9న అమెరికాలో తెలియవచ్చెను. అచ్చటి వాటాల విపణిని కనిపెట్టు ప్రభుత్వసంస్థ ఖాతాను దుండగులు తమ వశము చేసికొని, బిట్‌కాయిను నిధులకు అనుమతి లభించెనని ప్రకటించిరి. ధరలు ఉవ్వెత్తున లేచి పడినవి. ఖాతాకు తగిలించిన ఫోను నంబరును దుండగులు వేఱొక సిమ్ములోనికి మార్పించుకొనిరి. అదనపు భద్రతగ నుండవలసిన రెండవ తాళమును, ఖాతా తెఱచుటలో ఇబ్బందిగ నున్నదని సంస్థవారే 2023 జూలైలో తీయించివేసిరి. ఆఱు నెలలు అట్లే యుండెను. ఇతర కంపెనీలకు భద్రతానియమములు విధించు సంస్థ యిది!

ఖాతా పోయినవారు మొదటి గంటలలో చేయవలసిన పనులు కొన్ని గలవు. కాలము గడచినకొలది దొంగ పాతుకొనిపోవును గావున ఇవి తెలిసియుండుట మేలు. వాట్సాపు పోయినచో తన నంబరు గల సిమ్ము తన ఫోనులోనే యున్నదా యని చూచుకొని, వెంటనే మఱల నమోదు చేసికొనవలెను. క్రొత్త సంకేతమును మన ఫోనులో వేయగనే దొంగ వెలుపల పడును. వాడు రెండవ రహస్యాంకమును పెట్టియున్నయెడల మనము ఏడు దినములు వేచియుండవలెను. కాని ఆ ఏడు దినములు వాడును లోపల నుండజాలడు. ఇది చాలమందికి తెలియదు. ఖాతా ఇంకను వానియొద్దనే యున్నదని భయపడి, వానికి ధనమిచ్చుకొన్నవారును గలరు. పాత సంభాషణలు మన ఫోనులోనే నిలువయుండును గావున కేవలము నంబరును దొంగిలించినవానికి అవి కనబడవని కంపెనీవారు చెప్పుచున్నారు. లోపలికి వచ్చిన పిదప, జతచేసిన ఇతర పరికరముల జాబితాను తెఱచి, తెలియని వానినన్నింటిని తొలగింపవలెను. దొంగ పెరటిలో దాగుట అచ్చటనే.

ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రాముల విషయమున మొదట కాపాడవలసినది ఈమెయిలును. ఇది గృహస్థులు తఱచు తలక్రిందులు చేయుచున్నారు. ఈమెయిలు దొంగయొద్ద నుండగా ఫేస్‌బుక్కు తాళము మార్చుట, తాళపుచెవిని వాని చేతిలోనే పెట్టుట. గూగులు ఖాతాను తిరిగి పొందుటకు మనము నిత్యము వాడు ఫోను లేక కంప్యూటరునుండి, మనము నిత్యముండు చోటినుండియే ప్రయత్నింపవలెను. యంత్రము మనల గుర్తుపట్టు ఆనవాళ్లలో అవియు కొన్ని. దొంగ మన ఫోను నంబరును మార్చివేసినను పాత నంబరునకు ఏడు దినములవఱకు సంకేతము పంపు అవకాశము గూగులువారు ఉంచియున్నారు. ఇన్‌స్టాగ్రాము, ఫేస్‌బుక్కులలో ఈమెయిలు చిరునామా మార్చబడినప్పుడు పాత చిరునామాకు ఒక లేఖ వచ్చును. ఈ మార్పు నేను చేయలేదు అని తెలుపు లంకె అందుండును. మనవారు ఆ లేఖను చెత్తకాగితములలో నొకటిగ నెంచి చూడరు. అంతకన్న విలువైన కాగితము ఆనాడు వారికి మఱొకటి రాదు. ఆ లంకె లేనిచో, హ్యాకయిన ఖాతాలకై ఈ రెండు కంపెనీలు ప్రత్యేకముగ నుంచిన పుటలనుండి ప్రారంభింపవలెను. ఇన్‌స్టాగ్రామువారు ముఖమును ఇటునటు త్రిప్పి వీడియో తీసి పంపుమందురు. ఖాతాలో మన ముఖచిత్రము లేక, చీరల బొమ్మలు మాత్రమే యున్నయెడల దీనివలన ప్రయోజనము స్వల్పము.

ఆపత్తు రాకమునుపే చేయదగినది ఒకటి గలదు. రెండవ తాళమును ఫోను సంకేతముపై ఆధారపఱుపక, ముప్పది సెకండ్లకొకసారి అంకెలు మారు యాపుద్వారా పెట్టుకొనవచ్చును. గూగులువారు అడిగినవారికి పది అత్యవసర సంకేతముల నిత్తురు. ఒక్కొక్కటి ఒక్కసారి మాత్రమే పనిచేయును. ఫేస్‌బుక్కులోను ఇట్టివి గలవు. వీనిని ఫోనులో దాచుట వ్యర్థము. కాగితముపై వ్రాసి, దస్తావేజుల పెట్టెలో నుంచవలెను. ఇంత యంత్రయుగములోను తుదకు కాపాడునది కలముతో వ్రాసిన కాగితమని మాకు కొంత సంతోషము గలుగుచున్నదని ఒప్పుకొనక తప్పదు.

దొంగ యెవ్వడును లేకయే కంపెనీవారే ఖాతాకు తాళము వేయుట రెండవ విపత్తు. నియమోల్లంఘన మనియో, అనుమానాస్పదమైన రాకపోక యనియో యంత్రము నిర్ణయించును. అమెరికాలోని కుమారుని చూడబోయిన తల్లి అచ్చట ఫోను తెఱచిన మఱునాడే ఖాతా మూతపడవచ్చును. నిలిపివేసిన ఖాతాపై అప్పీలునకు ఫేస్‌బుక్కువారు 180 దినముల గడువు పెట్టియున్నారు. పిదప అది శాశ్వతముగ పోవును. ఈ గడువులో వ్యక్తి తానెవరో పత్రముతో నిరూపింపవలెను.

ఇచ్చట మన తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కులు గలవు. మన ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. కంపెనీవారి పత్రములో మొదటిపేరు, చివరిపేరు అని రెండు గళ్లు. ఆధారు కార్డులో ఇంటిపేరు పూర్తిగ నుండును. పదవతరగతి పత్రములో ఒక్క పొడియక్షరమే యుండును. పాసుపోర్టులో తలక్రిందులై యుండును. ఖాతాలోనో, స్నేహితులు పిలుచు ముద్దుపేరుండును. ఈ నాలుగును ఒక్కరే యని ఊరిలో పసిబిడ్డయు చెప్పగలడు, యంత్రము చెప్పజాలదు. పుట్టినతేదీ సంగతి మఱియు విచిత్రము. పూర్వము బడిపంతుళ్లు పిల్లవానిని చేర్చుకొనునాడు జూలై ఒకటవ తేదీని వ్రాసికొనుట మనయందఱి యెఱుకలోనిదే. ఖాతాలో నిజమైన జన్మదినము వ్రాసిన సత్యవంతుడు, ప్రభుత్వపత్రములో జూలై ఒకటి గలవాడైనచో, సత్యము చెప్పినందుకే అబద్ధీకుడుగ తేలుచున్నాడు. ఉంగరము నీటిలో జారిపోయిన శకుంతల దుష్యంతుని సభలో నిలిచిన తీరిది. ఆమెకు ఎదుట మాటలాడుటకు రాజైన నుండెను.

చట్టమేమి చెప్పుచున్నది? 2000 నాటి సమాచార సాంకేతిక చట్టములోని 66సి విభాగము ఇతరుల రహస్యపదమును, గుర్తింపును మోసముతో వాడుటను, 66డి విభాగము కంప్యూటరుద్వారా ఇతరుని వేషముతో వంచించుటను నేరములుగ నెంచుచున్నవి. రెండింటికిని మూడేండ్లవఱకు కారాగారము, లక్షరూపాయలవఱకు జుల్మానా. ఈ చట్టముక్రింద దర్యాప్తు ఇన్‌స్పెక్టరు హోదాకు తక్కువ కానివారే చేయవలెను. చిన్న ఠాణాలలో, ఇది మా పని కాదు అను జవాబు వచ్చుటకు మూలమిదియే కావచ్చును. కాని దర్యాప్తు వేఱు, ఫిర్యాదు నమోదు వేఱు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహిత 173వ విభాగము ప్రకారము నేరము ఏ హద్దులో జరిగినను ఏ ఠాణాలోనైనను సమాచార మీయవచ్చును. ధనము పోయినచో 1930 నంబరునకు తక్షణమే ఫోను చేయవలెను. ఆలసించినకొలది ధనము చేతులు మారుచుండును. ధనము పోకున్నను కేంద్రప్రభుత్వపు సైబరునేరముల పోర్టలులో ఫిర్యాదు వ్రాసి రసీదు నంబరు పుచ్చుకొనుట మంచిది. రేపు మన పేరుతో ఎవరినైన మోసగించినప్పుడు మనకదియే రక్ష.

కంపెనీలపైన ప్రభుత్వమునకు గల ఆయుధము 2021 ఫిబ్రవరి నియమములు. యాబదిలక్షలకు మించి సభ్యులుగల కంపెనీ ఈ దేశమున నివసించు ఫిర్యాదుల అధికారిని నియమింపవలెనని అవి విధించినవి. ఫిర్యాదు ముట్టినదని 24 గంటలలో తెలుపవలెననియు, 15 దినములలో పరిష్కరింపవలెననియు అప్పుడు వ్రాసిరి; గడువు అంకెలు పిమ్మటి సవరణలలో మారుచుండును గాని సూత్రము నిలిచియున్నది. ఆ అధికారి తీర్పు నచ్చనివారు, లేక గడువులో జవాబు రానివారు, ముప్పది దినములలో అప్పీలు చేసికొనుటకు మూడు అప్పీలు సంఘములు 2023లో ఏర్పడినవి. న్యాయవాది అక్కఱలేదు; అంతయు ఇంటినుండియే జరుగును. ఈ సంఘములున్నవని మన పట్టణవాసులలో నూటికొక్కరికైన తెలియునా యని మాకు సందేహము. కంపెనీల పుటలలో ఆ అధికారి చిరునామా ఎచ్చటనో అట్టడుగున నుండును. తెలుగులో వ్రాసిన ఫిర్యాదును చదువువారున్నారో లేదో చెప్పువారు లేరు. వాట్సాపును తెలుగు అక్షరములలో వాడుకొనుటకు ఏర్పాటుచేసినవారు, తెలుగులో మొఱ వినుటకు మాత్రము మనుష్యుని ఏర్పాటు చేయకుండుట లాభనష్టముల లెక్కయే కాని అసాధ్యము కాదు.

మన ఫిర్యాదు పరాయిదేశపు కంపెనీపై మనకు గల అనుమానమువలన పుట్టినది కాదు. ఆ కంపెనీల స్వదేశమునందే 2024 మార్చిలో 41 మంది రాష్ట్ర అటార్నీ జనరళ్లు మెటా కంపెనీకి ఉమ్మడిలేఖ వ్రాసిరి. న్యూయార్కు కార్యాలయమునకే ఇట్టి ఫిర్యాదులు 2019లో 73 రాగా, 2023లో 783 వచ్చినవట. మీ ఖాతాదారుల మొఱలు వినుటకు మేము మీ గుమాస్తాలము కామని వారు నిష్కర్షగ తెలిపిరి. అటార్నీ జనరలు గడప త్రొక్కగలిగినవారి లెక్క యిది. త్రొక్కలేనివారి లెక్క ఎవరియొద్దను లేదు.

మనము కోరదగినవి మూడు. ఖాతా పోయినదని చెప్పుకొన్నవారితో ఒక్కసారియైన మనుష్యుడు మాటలాడవలెను, వారి భాషలో. పోలీసు రసీదు చూపినంతనే ఖాతాను ఉభయులకును మూసియుంచి, తగవు తీరువఱకు దొంగప్రకటనలు ఆపవలెను. పేరు, పుట్టినతేదీల విషయమున ఈ దేశపు పత్రముల తీరు నెఱిగిన పరీక్షకులుండవలెను. ఇందు మొదటిదానికి ఖర్చగును. తక్కిన రెండింటికి నియమములలో నాలుగు పంక్తులు చేర్చిన చాలును. కేంద్ర సాంకేతిక శాఖవారు రానున్న సవరణలో వీనిని చేర్చుదురా యని అడుగుచున్నాము.

ఈలోపల నొక హెచ్చరిక చేయవలసియున్నది. ఖాతా పోయినవారి విలాపమును కనిపెట్టి, మేము రాబట్టి యిత్తుమని బయలుదేఱు రెండవ దొంగలముఠా యొకటి యున్నది. నిపుణులమనియు, కంపెనీలో మనుష్యులున్నారనియు చెప్పి, ముందుగ రెండువేలు, పిదప అయిదువేలు పుచ్చుకొందురు. తుదకు ఫోనునకు వచ్చిన సంకేతమును చెప్పుమందురు. కంపెనీవారు అట్టి ప్రతినిధుల నెవరిని నియమింపలేదు. కంపెనీ పేరు పెట్టుకొని ఫోనులో పలుకు సహాయకేంద్రముల నంబర్లును, వెదకగ పైన కనబడు వానిలో పెక్కు, ఈ ముఠావే.